కొత్త నెట్‌వర్క్ అకౌంట్ "పాస్‌వర్డ్ మార్చుకోండి" దగ్గరే ఆగిపోతే ఏం చేయాలి: సమగ్ర మార్గదర్శి

కొత్తగా చేరినవాళ్లకి అకౌంట్ తెరిచి ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ ఇస్తాం. మొదటిసారి లాగిన్ అయినప్పుడు సిస్టమ్ పాస్‌వర్డ్ మార్చుకోమని అడగాలి, వాళ్లు తమకి నచ్చింది పెట్టుకోవాలి, అంతటితో పని అయిపోవాలి. అలా అవ్వనప్పుడే హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ వస్తుంది. అవతల మనిషికి ఉద్యోగంలో మొదటి రోజు, పక్కన తెలిసినవాళ్లు లేరు, కంప్యూటరేమో లోపలికి రానివ్వదు, ఆ టెన్షన్‌లో స్క్రీన్ మీద ఏం రాసి ఉందో కూడా సరిగ్గా చదివి చెప్పలేరు.

ఇలాంటప్పుడు చాలామంది అడ్మిన్లు వెంటనే అకౌంట్ ప్రాపర్టీస్ తెరిచి, తర్వాతి లాగిన్‌లో పాస్‌వర్డ్ మార్చుకోవాలనే టిక్ తీసేస్తారు. లాగిన్ అయిపోతుంది, ఫోన్ ఆగిపోతుంది. కానీ ఆ పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసినదిగానే మిగిలిపోతుంది, మెయిల్‌లోనో చాట్‌లోనో పంపి ఉంటే ఇంకా ఎక్కువమందికి తెలిసి ఉంటుంది. రేపు ఆ పేరు మీద ఏదైనా తేడా జరిగితే అది ఎవరు చేశారో తేల్చడం చాలా కష్టం. కాబట్టి టిక్ తీయడాన్ని ఆఖరి దారిగా పక్కన పెట్టి, ముందు ఎక్కడ ఆగిందో చూడండి. ఎక్కువసార్లు తేలేది ఒకటే కారణం: యూజర్ ఏ దారిలో లోపలికి రావాలని చూస్తున్నారో ఆ దారికి పాస్‌వర్డ్ మార్చుకునే స్క్రీన్ చూపించే వీలే ఉండదు. ఆ దారి మారిస్తే చాలు, అకౌంట్‌లో ఏమీ మార్చక్కర్లేదు.

ఎక్కువగా కనిపించేది విండోస్ యాక్టివ్ డైరెక్టరీ (డొమైన్ అనే ఒకే గొడుగు కింద కంపెనీ యూజర్లనీ కంప్యూటర్లనీ నిర్వహించే వ్యవస్థ) కాబట్టి ముందు దాని గురించి వివరంగా చెప్తాను, తర్వాత లినక్స్, మ్యాక్, క్లౌడ్ అకౌంట్లు.

## లోపల జరిగేది ఇది

యాక్టివ్ డైరెక్టరీలో "యూజర్ మస్ట్ చేంజ్ పాస్‌వర్డ్ ఎట్ నెక్స్ట్ లాగాన్" అని టిక్ పెట్టినప్పుడు ప్రత్యేకంగా ఏదో జెండా ఎగరేసినట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి అక్కడ జరిగేది చిన్న పని. పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు మార్చారో గుర్తుపెట్టుకునే పి-డబ్ల్యు-డి లాస్ట్ సెట్ అనే ఆట్రిబ్యూట్ విలువ 0 అవుతుంది. అంటే "ఈ పాస్‌వర్డ్‌ని ఎప్పుడూ పెట్టలేదు, గడువు అయిపోయినట్టే లెక్క" అని సర్వర్ అనుకుంటుంది. యూజర్ సరైన తాత్కాలిక పాస్‌వర్డ్ కొట్టినా డొమైన్ కంట్రోలర్ (పాస్‌వర్డ్‌లు సరిచూసే సర్వర్) లోపలికి పంపదు, "పాస్‌వర్డ్ సరైనదే, కానీ ముందు మార్చాలి" అనే ప్రత్యేకమైన కోడ్‌తో వెనక్కి తిప్పుతుంది. ఆ కోడ్ అర్థం చేసుకుని మార్చుకునే స్క్రీన్ చూపించాల్సిన బాధ్యత ఎదురుగా ఉన్న ప్రోగ్రాముది. విండోస్ లాగిన్ స్క్రీన్‌కి అది తెలుసు. రిమోట్ డెస్క్‌టాప్‌కి, వీపీఎన్ ప్రోగ్రాముకి, కంపెనీ అంతర్గత వెబ్‌సైట్‌కి తెలియకపోవచ్చు.

ఈ సంగతి ఒక్కటి మనసులో ఉంచుకుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

## మొదటి అడుగు: సరైన ప్రశ్నలు అడగండి

అకౌంట్ తెరిచి చూసేకన్నా ముందు యూజర్‌ని మూడు విషయాలు అడగండి. ఎక్కడ కూర్చుని, ఏ పరికరం మీద, దేని ద్వారా లాగిన్ అవుతున్నారు? ఆఫీసు డెస్క్‌టాప్ ముందా, ఇంట్లో ల్యాప్‌టాప్ మీదా, ఇంకో కంప్యూటర్ నుంచి రిమోట్‌గానా? తర్వాత, స్క్రీన్ మీద వచ్చిన వాక్యం యథాతథంగా ఏమిటి? వీలైతే ఫోన్‌తో ఫోటో తీసి పంపమనండి, ఎందుకంటే "పాస్‌వర్డ్ తప్పు అంటోంది" అని వాళ్లు చెప్పేదానికీ అక్కడ నిజంగా రాసి ఉన్నదానికీ పొంతన లేకపోవడం మామూలే. చివరిది, మార్చుకునే స్క్రీన్ అసలు కనిపించిందా లేదా?

ఈ జవాబులతో సమస్య నాలుగిట్లో ఒకటిగా తేలుతుంది. మార్చమని చెప్పి, మార్చుకునే చోటు చూపించకపోవడం ఒకటి. చోటు చూపించి, కొత్త పాస్‌వర్డ్‌ని ఒప్పుకోకపోవడం రెండోది. ఒప్పుకుని, మళ్లీ మళ్లీ అదే అడగడం మూడోది. అడగాల్సింది అడగకపోవడం నాలుగోది.

ఇంకో మాట. తాత్కాలిక పాస్‌వర్డ్‌నే తప్పుగా కొడుతున్నారేమో తప్పకుండా చూడండి. సున్నాకీ పెద్ద ఓ అక్షరానికీ, 1కీ చిన్న ఎల్‌కీ తేడా తెలియని అక్షరాలతో పాస్‌వర్డ్ ఇస్తే ఈ గొడవ ఖాయం. కాపీ చేసి పేస్ట్ చేస్తే చివర ఒక ఖాళీ కూడా వెంట రావచ్చు. కీబోర్డ్ లేఅవుట్ యూకేకి మారి ఉంటే ఎట్ గుర్తు, డబుల్ కోట్స్ ఒకదాని చోట ఒకటి పడతాయి, చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ తెలియదు.

## రెండో అడుగు: అకౌంట్‌ని కళ్లారా చూడండి

యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్ తెరిచి, వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ ఆన్ చేసి, ఆ యూజర్ అకౌంట్ ట్యాబ్ చూడండి. "పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్", "యూజర్ కెనాట్ చేంజ్ పాస్‌వర్డ్" అనే రెండు టిక్కులూ తీసేసి ఉండాలి. ఈ రెండిట్లో ఏది ఉన్నా మొదటి లాగిన్‌లో మార్చాలనే నియమంతో పొసగదు. పాత యూజర్‌నో టెంప్లేట్ అకౌంట్‌నో కాపీ చేసి కొత్తది తయారుచేసే అలవాటున్న చోట్ల ఇది తరచుగా కనిపిస్తుంది, టెంప్లేట్‌లోని టిక్ కూడా కాపీతో పాటు వచ్చేస్తుంది, ఎవరూ గమనించరు.

అదే చోట ఆట్రిబ్యూట్ ఎడిటర్ ట్యాబ్‌లో పి-డబ్ల్యు-డి లాస్ట్ సెట్ విలువ చూడండి. 0 అనో నెవర్ అనో ఉంటే సర్వర్ దృష్టిలో పాస్‌వర్డ్ ఇంకా మార్చలేదు. తేదీ, సమయం ఉంటే ఎవరో ఒకరు మార్చారు. మీరు టిక్ పెట్టినట్టు గుర్తుండి ఇక్కడ తేదీ కనిపిస్తోందంటే కాస్త ఆగి ఆలోచించండి, మీరు చూస్తున్న డొమైన్ కంట్రోలర్‌కి మార్పు ఇంకా చేరి ఉండకపోవచ్చు.

పవర్‌షెల్ అలవాటున్నవాళ్లు గెట్-ఏడీయూజర్‌తో ఈ వివరాలన్నీ ఒకేసారి తెచ్చుకోవచ్చు. అది లేకపోయినా ఇబ్బంది లేదు, కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్ యూజర్" కొట్టి, యూజర్ పేరు, చివర స్లాష్ డొమైన్ ఇస్తే పాస్‌వర్డ్ ఎప్పుడు పెట్టారు, ఎప్పటివరకు పనిచేస్తుంది, ఎప్పటినుంచి మార్చుకోవచ్చు అనే మూడూ చూపిస్తుంది. "పాస్‌వర్డ్ చేంజబుల్" అనే ఆ మూడో వరుసని తేలిగ్గా తీసుకోవద్దు, దాని సంగతి కాసేపట్లో వస్తుంది.

అకౌంట్ లాక్ అయిందా, డిసేబుల్ అయి ఉందా, అకౌంట్‌కే గడువు తేదీ పెట్టారా అన్నది కూడా ఇక్కడే చూసేయండి.

## మార్చమంటోంది, కానీ స్క్రీన్ చూపించదు

ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది ఇక్కడే కాబట్టి ఒక్కో దారినీ విడిగా చూద్దాం.

రిమోట్ డెస్క్‌టాప్. కొత్త యూజర్ రిమోట్ డెస్క్‌టాప్‌తో సర్వర్‌కి కనెక్ట్ అవ్వబోతే "మొదటిసారి లాగిన్ అయ్యే ముందు మీ పాస్‌వర్డ్ మార్చుకోవాలి, అడ్మిన్‌ని సంప్రదించండి" అని ఒక పెట్టె వచ్చి మూసుకుపోతుంది. మార్చుకోవాలంటుంది, ఎక్కడో చెప్పదు. దీనికి కారణం నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్. అది ఆన్‌లో ఉంటే, సర్వర్ లాగిన్ స్క్రీన్ తెరుచుకోకముందే, యూజర్ కంప్యూటర్ దగ్గరే గుర్తింపు పరీక్ష జరిగిపోతుంది. గడువు దాటిన పాస్‌వర్డ్‌తో ఆ పరీక్ష దాటలేరు, పరీక్ష దాటితే తప్ప మార్చుకునే స్క్రీన్ రాదు.

దీనికి వెబ్‌లో దొరికే సలహాల్లో సగం "నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ ఆఫ్ చేయండి" అనే. దయచేసి అది చేయకండి. 2019లో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, ప్యాచ్ వేసేలోగా ముప్పు తగ్గించుకోవడానికి మైక్రోసాఫ్ట్ చెప్పిన జాగ్రత్తల్లో ఈ రక్షణ ఆన్‌లో ఉంచడం కూడా ఒకటి. ఒక్క యూజర్ కోసం దాన్ని ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోతే ఆ సర్వర్ నెలల తరబడి అలాగే ఉండిపోతుంది.

దానికి బదులు చేయగలిగినవి ఉన్నాయి. డొమైన్‌లో చేరిన ఏదైనా ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "అదర్ యూజర్" నొక్కి లాగిన్ అవ్వమంటే, మార్చుకునే స్క్రీన్ మామూలుగా వస్తుంది. మనిషి దూరంగా ఉండి, మీ దగ్గర రిమోట్ డెస్క్‌టాప్ వెబ్ యాక్సెస్ సర్వర్ ఉంటే, ఐఐఎస్ మేనేజర్‌లో (విండోస్ వెబ్ సర్వర్ సెట్టింగ్స్ ఉండే చోటు) ఆర్డీవెబ్ కింద పేజెస్‌లో అప్లికేషన్ సెట్టింగ్స్ తెరిచి "పాస్‌వర్డ్ చేంజ్ ఎనేబుల్డ్" విలువని ట్రూ చేయండి. అప్పుడు గడువు దాటిన పాస్‌వర్డ్‌తో వచ్చినవాళ్లని ఆ వెబ్ పేజీ మార్చుకునే చోటుకి తీసుకెళ్తుంది. రిమోట్‌గా పనిచేసేవాళ్లు ఎక్కువగా ఉన్న చోట నాకు ఇదే సరైన పరిష్కారం అనిపిస్తుంది, ఒకసారి పెట్టుకుంటే ఆ తర్వాత మామూలుగా గడువు దాటినవాళ్లకి కూడా పనికొస్తుంది.

కంట్రోల్, ఆల్ట్, ఎండ్ కలిపి నొక్కితే రిమోట్ సెషన్‌లో పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు అన్నది నిజమే. కానీ అది ఇప్పటికే లోపల ఉన్నవాళ్లకి. బయట ఆగిపోయిన కొత్త యూజర్‌కి దానితో ఉపయోగం లేదు.

ఇంటి దగ్గర ల్యాప్‌టాప్. కొత్త ల్యాప్‌టాప్ కొరియర్‌లో ఇంటికి వెళ్తుంది, యూజర్ తెరిచి పేరూ పాస్‌వర్డూ కొడతారు, "మీ డొమైన్ అందుబాటులో లేదు" అంటుంది. ఆ కంప్యూటర్ మీద ఆ యూజర్ ఇంతకుముందు ఎప్పుడూ లాగిన్ అవ్వలేదు కాబట్టి దాని దగ్గర దాచుకున్న వివరాలు ఉండవు, డొమైన్ కంట్రోలర్‌ని అడిగే దారి కూడా ఉండదు. లాగిన్‌కి ముందే కనెక్ట్ అయ్యే వీపీఎన్ ఉంటే తప్ప ఇది కుదరదు. అలాంటి వీపీఎన్ ఉన్నా, కనెక్ట్ అవ్వడానికి అది ఇదే యూజర్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడ ఇంకో ముడి పడుతుంది. మెషీన్ సర్టిఫికెట్‌తో కనెక్ట్ అయ్యే వీపీఎన్ పెట్టుకుంటే ఈ ముడి ఉండదు. ల్యాప్‌టాప్ పంపేముందే ఆఫీసులో యూజర్ చేత ఒకసారి లాగిన్ చేయించగలిగితే అంతకన్నా మంచిది లేదు.

వీపీఎన్, వైఫై. మీ వీపీఎన్ లేదా ఆఫీసు వైఫై విండోస్ నెట్‌వర్క్ పాలసీ సర్వర్ ద్వారా పాస్‌వర్డ్ సరిచూసుకుంటుంటే, ఆ పాలసీలో ఎంఎస్-చాప్ వెర్షన్ 2 కింద "గడువు దాటాక యూజర్ పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు" అనే చిన్న టిక్ ఉంటుంది. అది లేకపోతే కనెక్షన్ తెగిపోవడమే తప్ప ప్రశ్న రాదు. వీపీఎన్ పరికరం ఎల్‌డ్యాప్ (డైరెక్టరీతో మాట్లాడే పద్ధతి) ద్వారా అడుగుతుంటే ఇంకో షరతు ఉంది: యాక్టివ్ డైరెక్టరీ గుప్తీకరించని ఎల్‌డ్యాప్ కనెక్షన్ మీద పాస్‌వర్డ్ మార్పుని ఒప్పుకోదు. 389 పోర్టు మీద మామూలుగా మాట్లాడుతున్న పరికరాన్ని సర్టిఫికెట్‌తో 636కి మార్చాలి. వైఫైలో అయితే కంప్యూటర్ తన మెషీన్ అకౌంట్‌తో ముందే కనెక్ట్ అయ్యేలా పెట్టండి, లేకపోతే లాగిన్ స్క్రీన్ దగ్గర నెట్‌వర్కే ఉండదు, నెట్‌వర్క్ లేనిదే పాస్‌వర్డ్ మారదు.

అంతర్గత వెబ్‌సైట్లు, ఫైల్ షేర్లు. ఎల్‌డ్యాప్‌తో లాగిన్ చేయించే వెబ్ అప్లికేషన్లు ఎక్కువగా "పేరు లేదా పాస్‌వర్డ్ తప్పు" అని ఒకటే మాట చెప్తాయి. ఆ అప్లికేషన్ లాగ్ తెరిచి చూడండి. అందులో "డేటా" అనే మాట పక్కన ఒక కోడ్ ఉంటుంది. 773 అంటే మొదట పాస్‌వర్డ్ మార్చాలి, 532 అంటే గడువు దాటింది, 52 తర్వాత ఇ అక్షరం ఉంటే నిజంగానే పాస్‌వర్డ్ తప్పు, 525 అంటే ఆ పేరుతో యూజరే లేరు, 533 డిసేబుల్, 701 అకౌంట్ గడువు అయిపోయింది, 775 లాక్. ఈ కోడ్‌లు ఒక చోట రాసి పెట్టుకోండి, ఎంతో సమయం మిగులుతుంది. డొమైన్‌లో లేని కంప్యూటర్ నుంచి ఫైల్ షేర్ తెరవబోతే ఎర్రర్ 1907 వస్తుంది, దాని అర్థం కూడా ఇదే. ఈ రెండు సందర్భాల్లోనూ యూజర్ ముందు వేరే చోట పాస్‌వర్డ్ మార్చుకుని రావాలి.

## స్క్రీన్ వచ్చింది, కొత్త పాస్‌వర్డ్‌ని ఒప్పుకోవట్లేదు

"పొడవు, క్లిష్టత, లేదా చరిత్ర నియమాలకి సరిపోలేదు" అనే అర్థం వచ్చే వాక్యం వస్తుంది. ఇందులో చిక్కేంటంటే, వాటితో సంబంధం లేని ఇంకో నియమం అడ్డుపడినప్పుడు కూడా ఇదే వాక్యం వస్తుంది.

ముందు కొత్త డొమైన్‌లో మామూలుగా ఉండే విలువలు: కనీసం 7 అక్షరాలు, గత 24 పాస్‌వర్డ్‌లు మళ్లీ వాడకూడదు, ఒక పాస్‌వర్డ్ గరిష్ఠంగా 42 రోజులు పనిచేస్తుంది, ఒకసారి మార్చాక మళ్లీ మార్చాలంటే కనీసం 1 రోజు ఆగాలి. క్లిష్టత నియమం ఆన్‌లో ఉంటే పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు, గుర్తులు, ఇతర లిపుల అక్షరాలు అనే అయిదు వర్గాల్లో కనీసం మూడు ఉండాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. లాగిన్ పేరు గానీ, డిస్‌ప్లే పేరులోని మూడు అంతకన్నా ఎక్కువ అక్షరాల ముక్క గానీ పాస్‌వర్డ్‌లో ఉండకూడదన్నది మాత్రం ఎక్కువమందికి తెలియదు. సొంత పేరు పక్కన 4 అంకెలు చేర్చి పెట్టుకోవాలని చూసే కొత్త యూజర్ ఎన్ని గుర్తులు తగిలించినా సిస్టమ్ కాదంటూనే ఉంటుంది. యూజర్‌కి ముందే "మీ పేరులో ఏ ముక్కా వాడకండి" అని ఒక్క మాట చెప్తే ఈ బాధ తప్పుతుంది.

ఇప్పుడు ఆ నాలుగో నియమం, కనీసం 1 రోజు అన్నది. మొదటి లాగిన్ టిక్ ఉన్నప్పుడు ఇది అడ్డురాదు, ఎందుకంటే చివరిసారి మార్చిన సమయం 0 కదా. కానీ యూజర్ ఇబ్బంది పడుతున్నారని మీరు టిక్ లేకుండా పాస్‌వర్డ్ రీసెట్ చేసి, "లోపలికి వెళ్లి మీరే మార్చుకోండి" అని చెప్పారనుకోండి, రీసెట్ చేసిన క్షణం నుంచి ఆ ఒక్క రోజు లెక్క మొదలవుతుంది. యూజర్ లోపలికి వెళ్లి ఎంత గొప్ప పాస్‌వర్డ్ పెట్టినా క్లిష్టత సరిపోలేదనే వస్తుంది, రేపటిదాకా అంతే. ఇందాక చెప్పిన "పాస్‌వర్డ్ చేంజబుల్" వరుసలో రేపటి తేదీ కనిపిస్తే విషయం ఇదే. రీసెట్ చేసినప్పుడు టిక్ కూడా పెట్టేయండి, అయిపోతుంది.

పాలసీ మార్చినా పనిచేయట్లేదని కొందరు అంటారు. డొమైన్ అకౌంట్ల పాస్‌వర్డ్ పాలసీ డొమైన్ స్థాయిలో తగిలించిన గ్రూప్ పాలసీ నుంచే వస్తుంది. ఏదో ఒక ఆర్గనైజేషనల్ యూనిట్‌కి (డొమైన్ లోపలి విభాగం) తగిలిస్తే అది అక్కడి కంప్యూటర్లలోని లోకల్ అకౌంట్లకి వర్తిస్తుంది తప్ప డొమైన్ యూజర్లకి కాదు. కొందరికి మాత్రమే వేరే నియమాలు కావాలంటే విండోస్ సర్వర్ 2008 నుంచి ఉన్న ఫైన్-గ్రెయిన్డ్ పాస్‌వర్డ్ పాలసీలు వాడాలి. ఒక యూజర్‌కి వాటిలో ఏది వర్తిస్తోందో అడిగే పవర్‌షెల్ కమాండ్ కూడా ఉంది, గెట్-ఏడీయూజర్‌రిజల్టెంట్‌పాస్‌వర్డ్‌పాలసీ. అది ఖాళీగా తిరిగొస్తే మామూలు డొమైన్ పాలసీయే వర్తిస్తోందని అర్థం, కమాండ్ పనిచేయలేదని కాదు.

"డొమైన్ కంట్రోలర్ నుంచి సమాచారం చదవలేకపోయాం, అది అందుబాటులో లేదు లేదా అనుమతి లేదు" అనే అర్థంలో వాక్యం వస్తే పాస్‌వర్డ్‌ని వదిలేసి నెట్‌వర్క్ వైపు చూడండి. మామూలు లాగిన్‌లో కెర్బెరోస్ (డొమైన్ గుర్తింపు పద్ధతి) వాడేది 88 పోర్టు, పాస్‌వర్డ్ మార్చడానికి 464 పోర్టు కావాలి, టీసీపీ, యూడీపీ రెండూ. శాఖ కార్యాలయానికీ ప్రధాన కార్యాలయానికీ మధ్య ఫైర్‌వాల్‌లో 88 తెరిచి 464 మర్చిపోయారంటే, పాతవాళ్లంతా హాయిగా పనిచేసుకుంటుంటారు, కొత్తవాళ్లు మాత్రమే ఆగిపోతారు. కంప్యూటర్ డీఎన్ఎస్ సెట్టింగ్‌లో బయటి పబ్లిక్ డీఎన్ఎస్ ఉంటే డొమైన్ కంట్రోలర్ దొరకదు, అది కూడా చూడండి. గడియారం 5 నిమిషాలకన్నా ఎక్కువ తేడా ఉంటే కెర్బెరోస్ ఒప్పుకోదు.

## మార్చారు, అయినా మళ్లీ అడుగుతోంది

ఇది తక్కువగా వస్తుంది గానీ వచ్చినప్పుడు యూజర్ నమ్మకాన్ని పూర్తిగా పోగొడుతుంది. డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్‌లో ఆ యూజర్ పేరుతో వెతకండి. 4723 అంటే యూజర్ తనంతట తాను మార్చుకోవడానికి ప్రయత్నించారు, 4724 అంటే వేరే ఎవరో రీసెట్ చేశారు, 4738 అంటే అకౌంట్‌లో ఏదో మారింది. 4723 విజయవంతంగా ఉండి, కాసేపటికి 4738 కనిపిస్తే, ఆ రెండోదాన్ని ఏ అకౌంట్ చేసిందో చూడండి. ఉద్యోగుల రికార్డుల నుంచి ఆటోమేటిక్‌గా అకౌంట్లు తయారుచేసే స్క్రిప్ట్ ఒకటి నడుస్తూ, కొత్తగా చేరినవాళ్లందరికీ ప్రతిసారీ ఆ టిక్ మళ్లీ పెడుతూ ఉండొచ్చు. అకౌంట్ తయారుచేసినప్పుడు ఒక్కసారి చేయాల్సిన పనిని "ప్రతిసారీ సరిచేసే" జాబితాలో పెట్టేస్తే ఇలాగే అవుతుంది. స్క్రిప్ట్‌లోనే దిద్దాలి, యూజర్ చేతుల్లో ఏమీ లేదు.

స్క్రిప్ట్ కాకపోతే రెప్లికేషన్, అంటే ఒక డొమైన్ కంట్రోలర్‌లోని మార్పులు మిగతావాటికి చేరడం. వేర్వేరు సైట్ల మధ్య మామూలుగా 180 నిమిషాలకి ఒకసారి రెప్లికేషన్ జరిగేలా ఉంటుంది. పాస్‌వర్డ్ మార్పు పీడీసీ ఎమ్యులేటర్ పాత్రలో ఉన్న డొమైన్ కంట్రోలర్‌కి వెంటనే చేరుతుంది, మిగతావి సందేహం వస్తే దాన్ని అడుగుతాయి. ఆ ఒక్కటీ అందుబాటులో లేకపోతే ఒకచోట మార్చింది ఇంకోచోట తెలియదు. రెప్అడ్మిన్ కమాండ్‌తో రెప్లికేషన్ స్థితి చూడండి, పాత ఎర్రర్లు పేరుకుని ఉంటే ఈ పాస్‌వర్డ్ గొడవ అసలు జబ్బుకి ఒక లక్షణం మాత్రమే.

## అడగాలి, అడగట్లేదు

"పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్" టిక్ ఉందేమో ముందు చూడండి, ఎక్కువసార్లు అదే. లేకపోతే యూజర్ డొమైన్ అకౌంట్‌తో కాకుండా అదే పేరుతో ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్న లోకల్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉండొచ్చు. లేదా మీరు టిక్ పెట్టేసరికే వాళ్లు లోపల ఉన్నారు, నడుస్తున్న సెషన్‌ని సిస్టమ్ మధ్యలో ఆపి అడగదు. లేదా ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌లో లేకుండా దాచుకున్న వివరాలతో తెరుచుకుంది.

## లినక్స్ సర్వర్లలో

ఇక్కడ చేజ్ కమాండ్‌తో చివరి మార్పు తేదీని 0 చేస్తారు, పాస్‌వర్డ్ వివరాలుండే షాడో ఫైల్‌లో మూడో గడిలో అది కనిపిస్తుంది. అదే కమాండ్‌కి హైఫన్ ఎల్ ఇచ్చి యూజర్ పేరు ఇస్తే "పాస్‌వర్డ్ మార్చాలి" అని చూపిస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అవ్వగానే ముందు ప్రస్తుత పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. కొత్తవాళ్లు "ఇందాకే కొట్టాం కదా" అనుకుని అక్కడ కొత్త పాస్‌వర్డ్ కొట్టేస్తారు, "ఆథెంటికేషన్ టోకెన్ మానిప్యులేషన్ ఎర్రర్" అని భయపెట్టే వాక్యం వస్తుంది. ఏమీ పాడవ్వలేదు, మొదటి గడిలో తాత్కాలికది, తర్వాతి రెండిట్లో కొత్తది కొట్టమనండి. మారాక కనెక్షన్ దానంతటదే తెగిపోతుంది, అది కూడా ముందే చెప్పండి, లేకపోతే మళ్లీ ఏదో పోయిందని ఫోన్ చేస్తారు.

ఎస్ఎస్‌హెచ్ కీతో మాత్రమే లాగిన్ అయ్యే యూజర్‌కి ఈ నియమం పెట్టడం పెద్ద ఇబ్బంది. కీ సరిపోయినా, ప్యామ్ (లినక్స్‌లో లాగిన్ నియమాలు చూసే భాగం) వాడుతున్న సర్వర్ గడువు సంగతి చూస్తుంది, ప్రస్తుత పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ మనిషికి పాస్‌వర్డ్ ఎప్పుడూ ఇవ్వనే లేదు. అలాంటి అకౌంట్ల మీద ఈ గడువు తీసేయడమే సరైనది. కొత్త క్లౌడ్ సర్వర్‌ని మొదటిసారి సిద్ధం చేసే క్లౌడ్-ఇనిట్‌తో పాస్‌వర్డ్ పెట్టినప్పుడు, వద్దని ప్రత్యేకంగా చెప్పకపోతే, అది గడువు దాటినట్టే పెడుతుంది, ఇది తెలియక తికమక పడేవాళ్లు చాలామంది. ఫైల్ బదిలీ లాంటి టెర్మినల్ లేని కనెక్షన్లలో "పాస్‌వర్డ్ మార్చాలి, కానీ టెర్మినల్ లేదు" అని వచ్చి ఆగిపోతుంది, ముందు ఒకసారి మామూలు షెల్‌తో లోపలికి వెళ్లి మార్చుకోవాలి.

లినక్స్ యూజర్లని ఒకేచోట నిర్వహించే ఫ్రీ-ఐపీఏ వాడుతుంటే అడ్మిన్ పెట్టిన ఏ పాస్‌వర్డ్ అయినా పెట్టిన వెంటనే గడువు దాటినట్టే లెక్క. అది దాని డిజైన్, లోపం కాదు. యూజర్‌ని దాని వెబ్ పేజీకి పంపండి, అక్కడ మార్చుకోవడం తేలిక.

## మ్యాక్, క్లౌడ్

డొమైన్‌కి కట్టిన మ్యాక్‌లో డిస్క్ గుప్తీకరణ కోసం మొదట వచ్చే ఫైల్‌వాల్ట్ స్క్రీన్ నెట్‌వర్క్‌తో మాట్లాడదు, అక్కడ పాస్‌వర్డ్ మార్చమనే ప్రశ్న రాదు. నెట్‌వర్క్ తీగ పెట్టి, మామూలు లాగిన్ స్క్రీన్ దగ్గర ప్రయత్నించాలి. ఆ తర్వాత సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు దాచే లాగిన్ కీచైన్ పాత పాస్‌వర్డ్ అడిగితే తాత్కాలికదే ఇవ్వాలి.

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అకౌంట్ల సేవ అయిన ఎంట్రా ఐడీలో నేరుగా తయారుచేసిన అకౌంట్‌కి బ్రౌజర్‌లోనే మార్చుకునే పేజీ వస్తుంది, పెద్దగా సమస్య ఉండదు. ఆఫీసు సర్వర్ నుంచి సింక్ అయ్యే అకౌంట్లకే చిక్కు. "తదుపరి లాగిన్‌లో మార్చాలి" అనే టిక్ మామూలుగా క్లౌడ్‌కి చేరదు, దానికోసం సింక్ సెట్టింగ్‌లో ఫోర్స్ పాస్‌వర్డ్ చేంజ్ ఆన్ లాగాన్ అనే ఫీచర్ ఆన్ చేయాలి. అది ఆన్ చేసేముందు క్లౌడ్‌లోని మార్పుని ఆఫీసు సర్వర్‌కి రాసే పాస్‌వర్డ్ రైట్‌బ్యాక్ పనిచేస్తోందో లేదో చూసుకోండి, లేకపోతే క్లౌడ్‌లో మార్చింది ఆఫీసు సర్వర్‌కి తిరిగి రాదు.

## మళ్లీ ఈ ఫోన్ రాకుండా

అకౌంట్ తయారుచేసే ముందే ఆ మనిషి మొదటిసారి ఏ పరికరం నుంచి, ఏ దారిలో వస్తారో అడిగి రాసుకోండి. ఆ దారిలో మార్చుకునే స్క్రీన్ రాదంటే, వచ్చే చోటు ఒకటి ముందే చూపించండి. తాత్కాలిక పాస్‌వర్డ్ ఒక్కొక్కరికీ వేరుగా ఉండాలి, అందరికీ ఒకటే ఇచ్చే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి, ఎందుకంటే లాగిన్ పేరు ఊహించగలిగిన ఎవరైనా అసలు మనిషికన్నా ముందే లోపలికి వెళ్లి సొంత పాస్‌వర్డ్ పెట్టుకోగలరు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన 800-63బి మార్గదర్శకాల్లో, పాస్‌వర్డ్ బయటపడిందనే ఆధారం లేకుండా ఇన్ని రోజులకోసారి మార్చమని బలవంతపెట్టొద్దని చెప్పింది. దాన్ని చూపించి కొందరు మొదటి లాగిన్ మార్పు కూడా అనవసరం అంటారు. నేను ఒప్పుకోను. తాత్కాలిక పాస్‌వర్డ్ ఇంకో మనిషికి తెలిసి ఉందని మనకి ఖాయంగా తెలుసు, కాబట్టి అది ఈ సలహా కిందికి రాదు.

సర్వీస్ అకౌంట్లకి, ప్రింటర్లు స్కాన్ పంపడానికి వాడే అకౌంట్లకి మాత్రం ఈ టిక్ ఎప్పుడూ పెట్టకండి, అక్కడ స్క్రీన్ చూసి జవాబిచ్చే మనిషి ఎవరూ ఉండరు. చివరిగా, యూజర్ పాస్‌వర్డ్ మార్చుకున్నాక కూడా పాతది కాసేపు కొన్ని చోట్ల పనిచేస్తే ఆశ్చర్యపోకండి. ఎన్‌టీఎల్ఎం అనే పాత గుర్తింపు పద్ధతి ద్వారా నెట్‌వర్క్ లాగిన్లకి పాత పాస్‌వర్డ్‌ని మామూలుగా 60 నిమిషాల వరకు విండోస్ ఒప్పుకుంటుంది, కాబట్టి మార్పు పట్టిందో లేదో ఆ గంటలోపు పాత పాస్‌వర్డ్‌తో పరీక్షించి నిర్ణయించకండి, పి-డబ్ల్యు-డి లాస్ట్ సెట్ తేదీ చూసి నిర్ణయించండి.